తూము ఎత్తని సన్యాసమ్మ

గంగాధరయ్యగారు ప్రశ్నకు కూర్చున్న చోట జవాబు చెప్పేవారు కాదు. కండువా భుజాన వేసుకుని లేచేవారు. అడిగినవాడు వెంట నడవాలి.

ఆ ఉదయం శిష్యుడు కామేశం అడిగాడు: "గురువుగారూ, గర్వాన్ని మొత్తం వదిలెయ్యాలా, కొంచెం ఉంచుకోవచ్చా?"

గురువుగారు లేచారు. ఇద్దరూ గెడ్డవలస మురుగునీటి శుద్ధి కేంద్రానికి వెళ్ళారు. ఆ చిన్న ఊళ్ళో ఇళ్ళ వాడుకనీళ్ళన్నీ అక్కడి తొట్టెల్లో చేరి, శుభ్రపడి, తూము గుండా గెడ్డలోకి, అంటే ఊరి వాగులోకి, పోతాయి. దిగువ పేట పశువులు ఆ గెడ్డలోనే నీళ్ళు తాగుతాయి. ఆరేళ్ళుగా ఆ కేంద్రాన్ని ఒంటిచేత్తో నడుపుతున్నది సన్యాసమ్మ. ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. ఆ రోజు జిల్లా అధికారి వచ్చాడు. తూములోంచి వచ్చే నీళ్ళు చూసి మెచ్చితే ఊరికి బహుమతి.

షామియానా కింద అందరూ కూర్చున్నారు. తూము మాత్రం మూసే ఉంది. సన్యాసమ్మ దాని తలుపు ఎత్తే చక్రం మీద చెయ్యి వేసి నిలబడింది.

సర్పంచి అప్పలస్వామి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఎత్తవేటే సన్యాసమ్మా? పెద్దోళ్ళు కూకున్నారు."

"తొట్టెలో ఫినాయిల్ ఎవులు పోయించారు బాబూ?"

"నానే. కంపు కొడితే ఊరి పరువేటవ్వాల? ఇరవై సీసాలు పోయించాను. ఇప్పుడు సూడు, ఆస్పత్రిలాగ గుమగుమలాడతంది!"

"గుమగుమలాడతంది. మురికిని తినీ పురుగంతా సచ్చిపోనాది."

పని తెలియనివాడు శుభ్రాన్ని ముక్కుతో కొలుస్తాడు. మురికిని తిని నీటిని బాగుచేసేవి కంటికి కనపడని జీవులని, ఫినాయిల్ వాటినే చంపిందని సర్పంచికి తెలియదు.

"ఈ ఒక్క పూటకి ఎత్తియ్యే. నేదంటే రేపటినుండి నీకు పని నేదు."

"నేకపోతే నేదు. ఈ నీళ్ళు ఒగ్గితే దిగువ పేట గొడ్లు తాగుతాయి." ఆమె అధికారి వైపు తిరిగి గొంతెత్తింది. "బాబూ, ఈయేల నా నీళ్ళు బాగోనేదు. తూము ఎత్తను. పేడనీళ్ళు పోసి మళ్ళీ పురుగు పెంచుతాను, పది రోజులాగి రండి. ఆరేళ్ళలో నా నీళ్ళు తాగి ఒక్క దూడ పడిపోనేదు. నానుండగా పడదు."

"బహుమతికి గడువు ఇవాళేనమ్మా" అన్నాడు అధికారి.

"అయితే అది పట్టుకెళ్ళిపోండి బాబూ."

జనంలో ఎవరో నవ్వి ఆపుకున్నారు. అధికారి లేచి, ఆమెకు నమస్కారం పెట్టి, తెచ్చిన బహుమతి వెనక్కి పట్టుకుని వెళ్ళిపోయాడు. సర్పంచి తొట్టె గట్టు దాకా వెళ్ళి లోపలికి తొంగిచూశాడు. "పేడ ఎన్ని తట్టలు కావాలే?" అన్నాడు.

"పాతిక. ఎండిపోయింది పనికి రాదు. మీ గొడ్ల సావిట్లోంచే మొదలెట్టండి."

సర్పంచి చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

తిరుగుదారిలో కామేశం ఉండబట్టలేక అడిగాడు: "గురువుగారూ, ఆమెది గర్వమే కదా? మరి నా ప్రశ్నకు..."

గంగాధరయ్యగారు నడక ఆపలేదు. "ముందు అంత సంపాదించు. వదిలే సంగతి తరవాత చూద్దాం."