ఉప్పలయ్య రెండో భయం

మా డాక్టర్ మురహరి గారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పడం మేము ఎన్నడూ చూడలేదు. ఎవరైనా అడగగానే కళ్ళజోడు తీసి చొక్కా జేబులో పెట్టుకునేవారు. ఇక పుస్తకాలతో పని లేదన్నమాట. ఆ తర్వాత వచ్చేది సిద్ధాంతం కాదు, ఎవరో ఒక మనిషి. ఆయన దగ్గర మానసిక వైద్యం నేర్చుకున్న మూడేళ్ళలో విన్న పాఠాలు ఎన్ని గుర్తున్నాయో చెప్పలేను గానీ, ఆ మనుషులు మాత్రం పేర్లతో సహా గుర్తున్నారు.

ఒకనాడు ఓపీ ముగిసి మేము టీ తాగుతుంటే, నాతోపాటు చదివే కౌముది ఒక మాత్రల స్ట్రిప్పు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. ఆ ఉదయం ఆమె ఒక బడిపంతులును చూసింది. ఏడాదిగా ఆందోళనతో నలిగిపోతున్న మనిషి. అరగంటసేపు ఆయనకు మెదడు బొమ్మ గీసి మరీ వివరించిందట. సెరటోనిన్ అంటే ఏమిటి, గాబా ఏం చేస్తుంది, భయం ఎక్కడ పుడుతుంది, మందు ఎక్కడ పనిచేస్తుంది, అన్నీ. పంతులుగారు శ్రద్ధగా విని, ఆ బొమ్మ బాగుందని మడిచి జేబులో పెట్టుకుని, మాత్రలు మాత్రం తిరిగి ఇచ్చేశారు. ఇచ్చేస్తూ ఆయన ఒక ప్రశ్న అడిగారు. అదే ప్రశ్న ఇప్పుడు ఆమె గురువుగారిని అడిగింది.

"మందుతో భయం పోయాక మిగిలేది ఆ మనిషేనా సార్, లేక మందా?"

మురహరి గారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. మేము కుర్చీలు దగ్గరికి జరుపుకున్నాం.

ఆయన నల్గొండ వైపు పనిచేస్తున్న రోజుల్లో ఉప్పలయ్య అనే కల్లుగీత కార్మికుడు వచ్చాడట. పదహారో ఏట నుంచి తాటిచెట్లెక్కుతున్నవాడు. మోకుతాడు నడుముకు బిగించి, కల్లు పట్టే లొట్టి వీపున కట్టి, మనం మేడ మెట్లెక్కినంత సులువుగా ఎక్కేవాడు. పైన కూర్చుని గెల గీస్తూ కింద పోయేవాళ్ళ మీద పాటలు కట్టేవాడు. అలాంటివాడికి ఒక పుష్యమాసం పొద్దున, చెట్టు కొనన మట్టలు మొలిచే మొవ్వు దగ్గర, ఏ కారణమూ లేకుండా గుండె దడదడలాడింది. చేతులు తిమ్మిరెక్కాయి. ఊపిరి అందలేదు. ఇదే చివరి ఘడియ అనుకుని, చెట్టును కరుచుకుని గంటసేపు అలాగే ఉండిపోయాడు. కిందికి దిగాక పది నిమిషాల్లో అంతా మామూలైంది. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. పట్నం వెళ్ళి గుండె పరీక్షలన్నీ చేయించుకున్నాడు. గుండెలో ఏ లోపమూ లేదన్నారు. ఆ మాట అతనికి ధైర్యం ఇవ్వలేదు సరికదా, పెద్ద డాక్టర్లకు కూడా అంతుపట్టని జబ్బు తనకొచ్చిందని మరింత బెదిరిపోయాడు. నెల గడిచేసరికి చెట్టే కాదు, బస్సెక్కడానికీ సంతకు పోవడానికీ కూడా జంకు. గీత తప్పితే గెల ఎండిపోతుంది గనక, తోటి గీతవాళ్ళు వంతులు వేసుకుని అతని చెట్లు కూడా గీశారు. అతను ఇంట్లో కూర్చుని వాళ్ళ మోకుల చప్పుడు వింటూ ఉండేవాడు.

ఆ సమయంలో ఎవరో మందుల షాపువాడు ఒక చిన్న తెల్లమాత్ర ఇచ్చాడు. వేసుకున్న అరగంటకు ఉప్పలయ్యకు లోకమంతా చల్లబడిపోయింది. ఇంత తేలికైన మందు ఉండగా ఇన్నాళ్ళూ ఎందుకు ఏడ్చానా అనుకుని, మర్నాడు ఒకటికి రెండు వేసుకుని నేరుగా చెట్టెక్కాడు. భయం లేదు. నిజానికి ఏమీ లేదు. పైన మోకుకు ఆనుకుని గెల గీస్తుంటే కళ్ళు మూతలు పడ్డాయి, చేతిలో కత్తి జారింది. ఏ మాత్రలు వేసుకున్నాడో తెలిసి, వెనకే వచ్చి చెట్టు కింద కాపు కాస్తున్న అతని భార్య సుగుణమ్మకు జానెడు దూరంలో ఆ కత్తి నేలలో దిగబడింది. ఆమె కేక వేయలేదట. కేకేస్తే పైనున్న మనిషి అదిరిపడతాడని నోట్లో కొంగు కుక్కుకుని, నెమ్మదిగా, పిల్లవాణ్ణి మంచం దింపినట్టు, ఇప్పుడు ఎడమ కాలు, ఇప్పుడు కుడి కాలు అని చెబుతూ అతన్ని కిందికి దింపింది. దింపాక చెంప మీద ఒకటి కొట్టి, ఆ మర్నాడే మురహరి గారి దగ్గరికి తీసుకొచ్చింది.

మురహరి గారు అతనికి తెలిసిన మాటల్లో చెప్పి చూశారు. గుండె నిక్షేపంగా ఉంది. తల లోపల, కణతలకు కాస్త వెనగ్గా, బాదంపప్పంత భాగం ఒకటి ఉంటుంది. పాము కనిపిస్తే మనకంటే ముందు అదే గుర్తుపట్టి గుండెను పరుగెత్తిస్తుంది, కాళ్ళకు బలం పంపుతుంది. ఇప్పుడది పాము లేకుండానే కేకలు పెడుతోంది. ఉప్పలయ్య అంతా విని, అంత చిన్నదైతే దాన్ని కోసి తీసెయ్యరాదా అని అడిగాడు. సుగుణమ్మ డాక్టరుగారికి మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. "తీసేస్తే రేపు పామును జూసి దగ్గరికి పోయి పలకరిస్తవ్" అంది. ఆ విషయాన్ని తాను చదివిన ఏ గ్రంథమూ అంత పొదుపుగా చెప్పలేదని మురహరి గారు మాతో అన్నారు.

ఆ తర్వాత ఆయన షాపువాడి మాత్ర సంగతి చెప్పారు. అది గాబా అనే రసాయనం బలం పెంచి మెదడు మొత్తానికీ ఒకేసారి కళ్ళెం వేస్తుంది. భయంతోపాటు మెలకువనూ పట్టుకుపోతుంది, పైగా అలవాటైతే వదలదు. చెట్టెక్కేవాడు దాన్ని ముట్టకూడదు. తాను ఇచ్చేది వేరే రకం, మెల్లగా పనిచేసేది. ఫలితం కనిపించడానికి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో కడుపులో తిప్పవచ్చు, గాబరా కాస్త పెరగవచ్చు కూడా, అందుకని సగం మాత్రతో మొదలుపెట్టాలి. అన్నాళ్ళు ఎందుకని ఉప్పలయ్య అడిగితే, ఆయన ఉన్నదున్నట్టు చెప్పారు. మందు సెరటోనిన్‌ను పెంచడం మొదటి రోజు నుంచే ఉంటుంది, కానీ మెదడులోని కణాలు ఆ మార్పుకు సర్దుకోవడానికి వారాలు పడుతుందనుకుంటున్నాం, అందులో మాకూ తెలియనిది చాలా ఉంది అని. ఇన్ని పరీక్షలు చేయించుకున్నాక, తెలియదు అన్న మొదటి డాక్టరు ఈయనే అనీ, అందుకే ఈయన్ని నమ్మవచ్చు అనీ ఉప్పలయ్య పెళ్ళాంతో అన్నాడట.

ఆ నమ్మకం ఐదు రోజులే ఉంది. ఆరో రోజు కడుపులో తిప్పి, నిద్ర పట్టక, మాత్రలు పారేస్తానని గోల చేశాడు. సుగుణమ్మ స్ట్రిప్పు బియ్యపు డబ్బాలో దాచి, పొద్దున్నే మాత్ర చేతికిచ్చి, మింగాక నోరు తెరిపించి చూసేది. మూడో వారం చివర మళ్ళీ ఆసుపత్రికి వచ్చారు. ఏమైనా తేడా ఉందా అని అడిగితే ఉప్పలయ్య వెంట్రుకంత కూడా లేదన్నాడు. సుగుణమ్మ మాత్రం వేళ్ళ మీద చెప్పుకొచ్చింది. రెండు రోజుల నుంచి చారు మళ్ళీ పోయమంటున్నాడు, పక్కింటి మేకను తిట్టాడు, నిన్న తన నడక మీద పాట కట్టాడు. ఆ పాట ఏమిటో పాడమని మురహరి గారు అడిగితే, అది ఆసుపత్రిలో పాడేది కాదని ఆమె తల వంచుకుని నవ్వింది. ఆయన ఆ నవ్వును కూడా కేస్ షీట్లో రాసుకున్నారట.

అప్పుడు ఆయన అసలు పని చెప్పారు. మాత్ర చెట్టెక్కదు, నువ్వే ఎక్కాలి. అది కూడా ఒకేసారి కాదు. నిలువెత్తు ఎక్కి ఆగు. గుండె కొట్టుకుంటుంది, కొట్టుకోనీ. అది తనంతట తాను నెమ్మదించేదాకా దిగకు. నెమ్మదించాక దిగు. మర్నాడు మరికొంచెం పైకి. సుగుణమ్మ తాటి మానుకు సున్నంతో గీతలు పెట్టింది, రోజుకొకటి. ఊళ్ళో ముసలివాళ్ళకు ఇది మంచి కాలక్షేపమైంది. పొద్దున్నే వచ్చి కూర్చుని, ఇవాళ ఏ గీత దాకా పోతాడో పందేలు వేసుకునేవాళ్ళు. నాలుగో గీత దగ్గర మూడు రోజులు ఆగిపోయాడు. అక్కడ చెమటలు పట్టి, చెట్టును కరుచుకుని, దిగిపోతానన్నాడు. సుగుణమ్మ దిగమనలేదు, దిగొద్దనీ అనలేదు. ఇవాళ కూర ఏం వండాలో తేల్చి చెప్పి దిగమంది. బీరకాయా, చిక్కుడుకాయా అని ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. ఆ వాదన ముగిసేసరికి గుండె ఎప్పుడు నెమ్మదించిందో అతనికే తెలియలేదు. ఏడో వారంలో మొవ్వు దాకా ఎక్కాడు. కింద జనమంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే, పైనుంచి చాలాసేపటికి ఒక మాట వినిపించిందట. "సుగుణా, మనింటి మీద రేకు పక్కకు జరిగింది, వానొస్తె కురుస్తది."

కౌముది నవ్వింది. అయితే మందు పనిచేసిందన్నమాట అంది. మురహరి గారు ఇంకా అయిపోలేదన్నారు.

రెండు నెలలు గడిచాయి. వైశాఖం చివర, రమ్మన్న తేదీ కాకుండానే, ఉప్పలయ్య దంపతులు ఆసుపత్రికి వచ్చారు. అతను కూర్చోకుండానే తల వంచుకుని మళ్ళీ భయమైందని చెప్పాడు. మందు మానలేదు, ఒక్క రోజు కూడా తప్పలేదు. అయినా వచ్చింది. మురహరి గారికి మనసు చివుక్కుమంది. మోతాదు పెంచక తప్పదనుకుని పెన్ను తీసి, కొత్త అంకె రాయబోయారు. సుగుణమ్మ చీటీ మీద చెయ్యి అడ్డం పెట్టి, రాసే ముందు ఒక్కసారి మొత్తం వినమంది. తన ముప్పై ఏళ్ళ వైద్యంలో ఏ రోగి భార్యా చెయ్యని మేలు ఆమె ఆ రోజు చేసిందని ఆయన అన్నారు.

జరిగింది ఇది. అప్పట్లో తన చెట్లు గీసిపెట్టినవాళ్ళలో ఒకడైన కొమరయ్య ఒక పెళ్ళికి పోతే, ఈసారి ఉప్పలయ్య అతని చెట్లు గీయడానికి పోయాడు. అందులో ఒకటి తాను ఎప్పుడూ ఎక్కని ముసలి తాటిచెట్టు. సగం దాకా ఎక్కాడు. ఉన్నట్టుండి చేతులు ముందుకు పోలేదు. గుండె దడదడలాడింది. ఇన్ని నెలల మందు, సున్నపు గీతలు, సుగుణమ్మతో వాదనలు, అన్నీ వృథా అయ్యాయనుకున్నాడు. ఆగి చూద్దామనుకున్నాడు, కానీ ఏదో ఆగనివ్వలేదు. దిగేశాడు. కింద అడుగు పెట్టగానే గుండె కుదుటపడింది. జబ్బు తిరగబెట్టిందన్న సిగ్గుతో రెండు రోజులు ఇంట్లోంచి బయటికి రాలేదు. మూడో రోజు సాయంత్రం గాలిదుమారం లేచింది. ఆ ముసలి తాటిచెట్టు మొవ్వు లోపలికంటా కుళ్ళిపోయి ఉందట. ఒక్క విసురుకు తలంతా విరిగి, మట్టలతో సహా నేల మీద పడింది. పగిలినచోట చెయ్యి పెడితే ముద్దలా ఊడొచ్చిందని సుగుణమ్మ చేత్తో చూపించింది. కిందినుంచి చూస్తే ఎవరికీ తెలియలేదు. ఎక్కుతుంటే మోకు జారిన తీరో, మాను ఊగిన తీరో, మట్టల్లోంచి వచ్చిన వాసనో, ఏది చెప్పిందో ఉప్పలయ్యకే తెలియదు.

మురహరి గారు పెన్ను పక్కన పెట్టి, పాత భయానికీ దీనికీ ఏమైనా తేడా ఉందా అని అడిగారు.  అతను చెప్పిన మాటలు ఆయన మాకు ఉప్పలయ్య గొంతుతోనే వినిపించారు.

"పాత భయం సచ్చిపోతున్నవ్ అన్నది సారూ. దిగినా వదిలిపెట్టకపోయేది. ఇది దిగు అన్నది. దిగంగనే ఊకున్నది."

పాత చీటీలో ఉన్న మోతాదే మళ్ళీ రాసి పంపించారట. మరో ఏడాదికి దాన్ని కూడా కొద్దికొద్దిగా తగ్గించి ఆపేశారు. ఉప్పలయ్య ఇప్పటికీ ఎక్కుతున్నాడు. వేసవిలో ఆయనకు ముంజలు పంపిస్తుంటాడు. ఆ సంచితోపాటు వచ్చే పాటలు మాత్రం మాకు వినిపించడానికి మురహరి గారు ఏనాడూ ఒప్పుకోలేదు.

టీలు చల్లారిపోయాయి. కౌముది తృప్తి పడినట్టు కనిపించలేదు. ఆమెది అంత తేలిగ్గా వదిలే బుద్ధి కాదు. మళ్ళీ అడిగింది.

"అయితే సార్, ఆ రోజు ఆ ముసలి చెట్టు మీంచి అతన్ని కిందికి దింపింది మందే అనుకోవాలా?"

మురహరి గారు వార్డు రౌండుకు లేచి, తలుపు దగ్గర ఆగారు.

"మాత్రకు తాటిచెట్ల సంగతి ఏం తెలుసమ్మా?" అన్నారు.