వేడెక్కకూడని ఉల్లిగడ్డ

ఇది చిన్న కథ. ఒక శిష్యుడు ప్రశ్న అడిగాడు, గురువు జవాబు చెప్పాడు, అంతే. పొయ్యి మీద పాలు పొంగేలోపు అయిపోతుంది. కాకపోతే ఆ గురువు మా గిడ్డయ్య వైద్యుడు కాబట్టి, ముందు ఆయన వాకిట్లో ఉండే ఉల్లిగడ్డల బుట్ట గురించి చెప్పాలి.

ఆదోని అవతల మా పల్లెల్లో ఏ బాధ వచ్చినా మొదట ఆ బుట్ట దగ్గరికే వెళ్తాం. సెగగడ్డ లేస్తే ఉల్లిగడ్డను నిప్పుల్లో కాల్చి, గోరువెచ్చగా గుడ్డతో కట్టమంటాడు. పొడిదగ్గుకు రసం తీసి తేనెతో నాకమంటాడు. ఎండాకాలంలో పచ్చిగడ్డ కొరుక్కుంటూ మజ్జిగన్నం తినమంటాడు. తన చేతిలో లేని జబ్బయితే బస్సు ఎన్నింటికో చెప్పి పెద్దాసుపత్రికి పంపిస్తాడు. బట్టతలకు కూడా ఆ రసం పనిచేస్తుందని ఎవరో చెబితే విని రేషన్ డీలరు రామాంజి ఆరు నెలలు రాశాడు. జుట్టు రాలేదు. ఇంటికి చుట్టాలు రావడం మాత్రం తగ్గింది. అదీ లాభమేనని వాళ్లావిడ అంటుంది.

ఇక శిష్యుడు. పేరు ఉరుకుందప్ప, ముప్పై దాటిన మనిషి. నాలుగేళ్లుగా గిడ్డయ్య దగ్గర వైద్యం నేర్చుకుంటున్నాడు. అబద్ధం ఆడడు. పెళ్లిచూపులకు వెళ్లి తన గురక సంగతి తనే చెప్పి వచ్చాడు. అందుకే ఇంకా పెళ్లి కాలేదు.

మా దగ్గర ఉల్లి పీకేటప్పుడు ఒక పద్ధతి ఉంది. అందరూ ఒకేసారి సాళ్లలోకి వంగుతారు. సాలు చివరికి చేరకముందే నీళ్లకని ఎవరు లేచినా, మళ్లీ ఏడాది ఉల్లి పీకేదాకా వాళ్లను ఏడిపిస్తారు. ఏడిపించేవాళ్లలో నేనూ ఉన్నాను, అది ఇక్కడ అవసరం లేదు. కిందటి ఎండాకాలం మద్దిలేటి ఆ మాట పడలేక లేవలేదు. వడదెబ్బ తగిలి సాలులోనే పోయాడు. అతని తమ్ముడు సుంకన్న అంతకంటే మొండివాడు. ఈ ఏడాది ఉల్లి పీకుడు మొదలవగానే సుంకన్న భార్య లింగమ్మ వైద్యుడి వాకిట్లో కూలబడింది.

"కాళ్లు పట్టుకున్నా వినడం లేదయ్యా. నీళ్లకు లేస్తే నామర్దా అంట. బావలాగే ఈ మనిషీ నాకు దక్కడు."

గిడ్డయ్య బుట్టలోంచి ఒక ఉల్లిగడ్డ తీసి ఇచ్చాడు. నడుముకు కట్టుకుంటే వడదెబ్బ తగలదని, అయితే గడ్డ వేడెక్కితే మందు పోతుందని మొగుడికి చెప్పమన్నాడు. అందుకని అరగంటకోసారి దాన్ని చెట్టు నీడకు తీసుకుపోవాలి. కుండనీళ్లలో ముంచాలి. అది చల్లబడేదాకా అక్కడే కూర్చుని, చెంబెడు నీళ్లు తాగాలి.

మర్నాడు పొద్దున్నే సుంకన్న గడ్డను చేత్తో పట్టుకుని వచ్చాడు. "ఇది మా చేన్లో గడ్డే కదయ్యా. చేనంతా ఇవే ఉండగా ఇదొక్కటే ఏం చేస్తుంది?"

"అవన్నీ వేడెక్కాయి," అన్నాడు గిడ్డయ్య.

సుంకన్నకు ఆ మాట సబబుగానే తోచింది. గడ్డ కట్టుకుని సాలులోకి వంగాడు, అరగంటకు లేచి వేపచెట్టు వైపు నడిచాడు. మేమంతా నోళ్లు విప్పబోయేలోపే, తాను నీళ్లకు లేవలేదని, మందు వేడెక్కిందని చెప్పాడు. దాన్ని ఎలా ఎగతాళి చెయ్యాలో మాకు తెలియలేదు.

ఈ సంగతి ఉరుకుందప్పకు ముల్లులా గుచ్చుకుంది. నాలుగు రోజులు ఓర్చుకున్నాడు. ఐదో రోజు మధ్యాహ్నం అడిగాడు: "అయ్యా, నడుముకు కట్టిన ఉల్లిగడ్డ వడదెబ్బను ఆపదని మీకు తెలుసు, నాకూ తెలుసు. తెలిసి అలా చెప్పడం మోసం కాదా?"

గిడ్డయ్య వాదించలేదు. మోసమనిపిస్తే వెళ్లి సుంకన్నతో చెప్పి రమ్మన్నాడు, కాస్త చల్లబడ్డాక వెళ్లమన్నాడు. నిజం సాయంత్రం దాకా ఆగకూడదని శిష్యుడు లేచాడు. దగ్గు మందుకని వచ్చిన లింగమ్మ వాకిట్లోనే ఉంది. గడ్డ ఉంది కాబట్టే తన మొగుడు నీడకు పోతున్నాడని, ఆ ముడి విప్పించొద్దని దండం పెట్టింది. ఉరుకుందప్ప ఆగలేదు. అప్పటికి అన్నం తినలేదు, నెత్తిన తువ్వాలు లేదు. చేనికి మూడు మైళ్లు.

వచ్చి సుంకన్న సాలు దగ్గర నిలబడ్డాడు. "సుంకన్నా, ఆ ఉల్లిగడ్డ..." అన్నాడు. అంతవరకే చెప్పి, పీకి పోసిన గడ్డల కుప్ప మీద పడిపోయాడు.

సుంకన్న అతన్ని భుజాన వేసుకుని వేపచెట్టు కిందికి తెచ్చాడు. కుండనీళ్లు ఒంటి మీద కుమ్మరించి, తడిగుడ్డతో విసిరాడు. కళ్లు తెరిచాక గుక్కగుక్కగా నీళ్లు పట్టాడు. చివరికి తన నడుమునున్న ఉల్లిగడ్డను విప్పి, నీళ్లలో ముంచి, శిష్యుడి నడుముకు కట్టి, ట్రాక్టరులో పెద్దాసుపత్రికి పంపాడు. అక్కడ రెండు సీసాల సెలైన్ ఎక్కించారు. తన మందు వేడెక్కిందని హెచ్చరించడానికి ఆ మనిషి మిట్టమధ్యాహ్నం పరిగెత్తుకొచ్చాడని సుంకన్న ఊరంతా చెప్పాడు. మర్నాడు చేన్లో ముప్పై రెండు నడుములకు ఉల్లిగడ్డలు వేలాడాయి. అరగంటకోసారి అందరం లేచాం. లేవని వాళ్లను ఏడిపించాం. ఆ ఎండాకాలం మా చేన్లలో ఎండకు పడిపోయింది వైద్యుడి శిష్యుడు ఒక్కడే.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఉరుకుందప్ప చాప మీద నుంచి లేవకుండానే గురువును మళ్లీ అడిగాడు. తాను చెప్పాలనుకున్నది చెప్పనేలేదట. ఇంకోసారి వెళ్లి చెప్పి రావాలా?

గిడ్డయ్య శిష్యుడి నడుమున ఇంకా ఉన్న ఉల్లిగడ్డను తాకి చూసి, నీళ్ల చెంబును అతని దగ్గరికి జరిపాడు.

"వెళ్లు," అన్నాడు. "ఈసారి గొడుగు పట్టుకుపో."