రాజుగారి పేరు మోయని మద్దిచెట్టు

ఒకానొక అడవి రాజ్యాన్ని చిత్రభాను భూపతి ఏలేవాడు. ఆయన మీసాలు ఎంత పొడుగంటే, ఒక్కో మీసం మోయడానికి ఇద్దరేసి భటులుండేవారు.

పట్టాభిషేకం నాడు ఆయన కోట బయటి మద్దితోపులో ఓ చెట్టు మానుమీద, సరిగ్గా తన రొమ్ము ఎత్తున, కత్తిమొనతో పేరు చెక్కాడు. చెట్టు పెరిగేకొద్దీ పేరు పైపైకి పోతుందనీ, ముప్పై ఏళ్ళకు మబ్బుల్లో నిలుస్తుందనీ, పొరుగు రాజులు మెడలు విరుచుకుని చదువుకుంటారనీ ఆయన ఆశ.

ముప్పై ఏళ్ళూ నిండాయి. రాజుగారు ఏడు ఏనుగులెక్కి వచ్చాడు. కాదనకండి, ఒక్క ఏనుగు ఆయన్ని మోయలేదు మరి! దిగి చూస్తే ఏముంది? పేరు రొమ్ము ఎత్తునే ఉంది.

"రాజద్రోహం! మా పేరు మోయనని మొండికేసిందీ చెట్టు. నరికెయ్యండి!"

ఆ చెట్టు ఆకుమీదే ఓదెమ్మ అనే పల్లె ఆడమనిషి పట్టుపురుగులు మేపుకుంటోంది. గొడ్డళ్ళు చూసి పరుగున వచ్చి మానును వాటేసుకుంది.

"మహారాజా, పురుగులు గూళ్ళు కట్టే రోజులు. ఇప్పుడు చెట్టు కొడితే నా ఏడాది కూడు పోతుంది."

"ఎదగని చెట్టు ఉంటేనేం, పోతేనేం?"

"మరి ఈ ముప్పై ఏళ్ళలో తమరు ఎదిగారా?"

"ఎంత మాట! దినదినమూ ఎదుగుతున్నాం!"

"అయితే ఆనాడు రొమ్ముకెదురుగా ఉన్న పేరు ఈపాటికి తమ మోకాళ్ళ దగ్గర ఉండాలి కదా. ఇంకా రొమ్ముకెదురుగానే ఉందేం?"

మీసాలు మోసే భటులు కిసుక్కుమన్నారు. రాజుగారు పొట్ట తడుముకున్నాడు.

"మేము... మేము నడుము దగ్గర ఎదిగాం!"

"ఈ మానూ అంతే మహారాజా! అది లావెక్కుతుంది. పొడుగు సాగేది కొమ్మల కొసల్లోనే. బతికున్నన్నాళ్ళూ ఆ రెండు పనులూ మానదు. చూడండి, దారప్పోగంత సన్నగా చెక్కిన తమ పేరులో ఇప్పుడు ఒక్కో గీతా అరటిపండంత లావయింది!"

రాజు అక్షరంలో వేలు పెట్టి చూశాడు. వేలు కాదు, చెయ్యే పట్టింది! పక్కున నవ్వాడు.

"ఓసి గడుసుదానా! ఈ మద్దితోపంతా నీదే. ఎవరక్కడ? ఆ మాట రాగిరేకు మీద రాయించి ఈ చెట్టుకే మేకులతో దిగ్గొట్టండి!"

"వద్దు మహారాజా! ఇరవై ఏళ్ళలో బెరడు కమ్ముకుని రేకును మింగేస్తుంది. అప్పుడు తమ మనవడొచ్చి, దానపత్రం ఏదే అంటే చెట్టు పొట్ట చూపించనా? నా చేతికిప్పించండి."

రాజుగారు నవ్విన నవ్వుకు ఏడు ఏనుగులూ కూలబడ్డాయి. రేకు మాత్రం ఆయనే స్వయంగా తెచ్చి ఓదెమ్మ కొంగులో పెట్టాడు.