దేవుడి గదిలో వైఫై

నాంచారమ్మగారిని ఏదైనా ప్రశ్న అడిగితే ఆవిడ జవాబు చెప్పేవారు కాదు. లేచి చెప్పులు తొడుక్కునేవారు. తిరుపతిలో మా వీధివాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. బడిపంతులమ్మగా రిటైరై, గురువారం మధ్యాహ్నాలు తమ వరండాలో మాబోటివాళ్ళకు నాలుగు మంచిమాటలు చెప్పే ఆ తల్లిని మేం టీచరమ్మ అని పిలిచేవాళ్ళం, గురువుగా కొలిచేవాళ్ళం.

ఒక గురువారం ఆవిడ శిష్యురాలు రాజ్యలక్ష్మమ్మ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. స్తోత్రం పూర్తి కాకముందే అడిగేసింది.

"టీచరమ్మా, ప్రేమగా ఊరికే ఇచ్చేదాన్ని వద్దనేవాళ్ళది పొగరా, కాదా?"

ఈ ప్రశ్న ఎక్కడినుంచి పుట్టిందో ముందు మీకు చెప్పాలి. రాజ్యలక్ష్మమ్మ మేడమీద గదిలో యూనివర్సిటీలో చదివే ఆడపిల్లలిద్దరు అద్దెకుండేవారు. హిమజ వృక్షశాస్త్రం, సుభాషిణి లెక్కలు. ఆ గదిలో ఫోన్ సిగ్నల్ నిలవదు. పిల్లల చదువుకు ఇబ్బంది అవుతుందని రాజ్యలక్ష్మమ్మే కేబులతన్ని పిలిపించి, అతని దగ్గరున్న వాటిలోకెల్లా పెద్ద ప్లాన్ తన పేరున తీసుకుంది. ఇల్లంతటికీ ఒకటే లైను, మీరేం ఇవ్వనక్కర్లేదు అంది. అయ్యలారా, అంత మంచి మనసు ఆవిడది. పిల్లలకు పులిహోర పంపకుండా తను తినని మనిషి.

అయితే విలువైన వస్తువేది కొన్నా దేవుడి దగ్గర పెట్టడం ఆవిడ అలవాటు. వైఫై పెట్టెకు పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, పూజగదిలో గూట్లో ఉంచింది. తెల్లవారి స్వామిని మేలుకొలిపినప్పుడు దాని స్విచ్ వేసేది. రాత్రి పవళింపు సేవ చేసి, దీపం కొండెక్కాక, దాన్ని కూడా ఆర్పేసేది. సుభాషిణికి ఇది నవ్వుగా ఉండేది. "దేవుడు పడుకుంటే మన డేటా కూడా పడుకోవాలంట మే" అనేది. హిమజ నవ్వేది కాదు. చదువుకోవలసిందంతా పెట్టె వెలుగుతుండగానే లాప్‌టాప్‌లోకి దించుకుని పెట్టుకునేది.

ఇలా ఉండగా పూనాలో ఒక పరిశోధనాలయం నుంచి హిమజకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది, ఆన్‌లైన్‌లో. మన శేషాచలం కొండల ఎర్రచందనం గింజ ఎందుకంత మొండిగా మొలకెత్తదో తెలుసుకోవాలని ఆ పిల్ల పట్టుదల. దానికి ఆ సీటే దారి. ఇంటర్వ్యూ మొదలైన కాసేపటికే లైను ఆగిపోయింది. పెట్టె అప్పుడప్పుడు అలా బిగుసుకుపోయేది. ఒకసారి ఆర్పి వేస్తే చాలు, మళ్ళీ పనిచేసేది. రాజ్యలక్ష్మమ్మ కొండమీద దర్శనానికి వెళ్ళింది. సుభాషిణి కాలేజీలో ఉంది. పూజగదికి గడియ తప్ప తాళం లేదు. కానీ హిమజ ఆ రోజు బయట ఉంది. తల్లులారా, మీకు విడమరచి చెప్పక్కర్లేదు. ముట్టయిన ఆడది ఆ గడప తొక్కకూడదన్నది రాజ్యలక్ష్మమ్మ నియమం, ఇంట్లో చేరిన రోజే చెప్పిన నియమం. పిల్ల మెట్లు దిగి వచ్చి, గడప ముందు నిలబడింది. లోపల రెండడుగుల దూరంలో పెట్టె ఎర్రదీపం పెట్టుకుని కూర్చుంది. చివరికి వీధిలోకి పరిగెత్తి ఫోన్‌లో అందుకునేసరికి వాళ్ళు ఇంకొకరిని పిలిచేశారు.

రాజ్యలక్ష్మమ్మ కొండ దిగి వచ్చి, లైను పోయి ఇంటర్వ్యూ ఆగిందని మాత్రం విని, అంతా స్వామి సంకల్పం అంటూ లడ్డూ చేతిలో పెట్టింది. హిమజ లడ్డూ కళ్ళకద్దుకుంది. వీధిలోకి వెళ్ళి కేబులతనికి ఫోన్ చేసింది.

పూనావాళ్ళు పెద్దమనసు చేసుకుని ఇంకో తేదీ ఇచ్చారు, ఇదే ఆఖరు అన్నారు. ఈలోపు కేబులతను వచ్చి, ఆ పిల్ల అడిగిన చిన్న ప్లాన్ చూసి, ఇది ముసలివాళ్ళు మనవల ఫోటోలు చూసుకోవడానికి తీసుకునేదమ్మా, కింద అంత పెద్ద లైను పెట్టుకుని ఇదెందుకన్నాడు. సుభాషిణి కూడా వేళాకోళం చేసింది. హిమజ ఒక్కటే అడిగింది, పెట్టె ఎక్కడ పెట్టాలో ఎవరి ఇష్టమని. మీ ఇష్టమే అన్నాడతను. అయితే ఇదే బిగించమంది.

రాజ్యలక్ష్మమ్మకు ప్రాణం చివుక్కుమంది. నా ఇంట్లో ఉంటూ నా లైను పనికిరాదా అని, ఆ తీగ పీకెయ్ లేదా గది ఖాళీ చెయ్ అనేసింది. అని, ఏడుస్తూ టీచరమ్మ దగ్గరికి వచ్చింది.

టీచరమ్మ చెప్పులు తొడుక్కున్నారు. ముందు ఆవిడ, వెనక రాజ్యలక్ష్మమ్మ, ఆ వెనక మేమిద్దరం ముగ్గురం. మేడమెట్లెక్కి చూస్తే తలుపు తీసే ఉంది. హిమజ లాప్‌టాప్ ముందు కూర్చుని మాట్లాడుతోంది. ఆ రెండో ఇంటర్వ్యూ అప్పుడే నడుస్తోంది. మేం గుమ్మంలోనే ఆగాం.

చిన్న లైను కదా, బొమ్మ ముక్కలు ముక్కలవుతోంది. అవతలి పెద్దాయన, మీ ముఖం కదలడం లేదమ్మా, దగ్గర్లో ఇంకో కనెక్షన్ ఏదైనా ఉందా అని అడిగాడు. ఆ మాట చెవిన పడగానే రాజ్యలక్ష్మమ్మ కోపం ఏమైపోయిందో, గబగబా ముందుకు వెళ్ళి, నాది పెట్టుకోవే, పాస్‌వర్డ్ ఇంకా గోవిందే అని గుసగుసలాడింది. పెట్టె వెలుగుతోంది, పూలు కూడా పెట్టి వచ్చానంది. పాపం, ఆ పిల్ల నష్టపోతుందని ఆవిడే లాప్‌టాప్ మీదికి చెయ్యి చాపింది.

హిమజ ఆవిడ చెయ్యి పట్టుకుంది. పట్టుకునే, తెరవైపు తిరిగి చెప్పింది.

"ఉందండీ, కానీ అది నాది కాదు. మీరు ఒప్పుకుంటే బొమ్మ ఆపేసి, గొంతుతోనే చెబుతాను."

అవతలివాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. సరే కానివ్వండి అన్నారు. ఇక చూడండి, ఆ పిల్ల గొంతు! గింజ పైపెంకు గురించి, లోపలి నిద్ర గురించి, అడవి నేల వేడి గురించి, ఎక్కడా తెగకుండా, తడబడకుండా సాగింది. అడిగినవన్నీ చెప్పింది. తెలియని ఒక్కదానికి తెలియదంది. కబురు పంపుతామని చెప్పి వాళ్ళు సెలవు తీసుకున్నారు.

రాజ్యలక్ష్మమ్మ ఊపిరి పీల్చుకుని, అంత మొండితనం దేనికే, సీటు పోయుంటే ఎవరిదే పాపం అంది.

"పోతే నా వల్ల పోయేదమ్మా. ఆ మాత్రం నాకుండనీండి" అంది హిమజ. తర్వాత గొంతు తగ్గించింది. "ఆ రోజు నేను బయటున్నాను. లైను ఆగితే మీ పూజగది గడప ముందు నిలబడ్డాను. దాటితే నా సీటు నిలిచేది. మీకు కష్టమవుతుందని దాటలేదు. మీ పులిహోర తింటాను, మీరు తిడితే పడతాను. ఇంకొకసారి మాత్రం అక్కడ నిలబడను. గది ఖాళీ చెయ్యమంటే చేస్తాను."

రాజ్యలక్ష్మమ్మకు ఈ సంగతి తెలియదు. హిమజ కళ్ళు దించలేదు. చివరికి రాజ్యలక్ష్మమ్మే టీచరమ్మవైపు తిరిగి, ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు, ఈ పిల్లను ఖాళీ చేయించాలా, వద్దా అని అడిగింది.

టీచరమ్మ కిటికీ ఊచకు కట్టిన ఆ తీగను ఒకసారి చూశారు.

"ఖాళీ చేయించాలంటే ముందు చేరాలి గదా, రాజ్యం. ఇన్నాళ్ళూ నీ గడప బయటే నిలబడింది. ఆ పిల్ల నీ ఇంట్లో ఈ పొద్దే చేరింది."