మూడు గంటల అంకెలు

అక్కర లేని అంకెను కూడా రోజూ వెలిగించాలా అని పైడితల్లి అడిగినప్పుడు సన్యాసిరావు మాస్టారు ఆ సంగతి ఆమెకే వదిలేశారు. విజయనగరంలో రేడియోలు బాగుచేసే ఆయనకు వాదించే అలవాటు లేదు.

పైడితల్లి ఆయన దగ్గర పని నేర్చుకుంటూ తల్లికొక గడియారం కడుతోంది. తల్లి అసిరమ్మది ఇడ్లీ కొట్టు. ముళ్ల గడియారం ఆమెకు ఏనాడూ కొరుకుడు పడలేదు. అరవై దాటాక వయోజనుల బడికి వెళ్లి అంకెలు నేర్చింది. అందుకని అంకెల గడియారం. పాత కొలత యంత్రంలోంచి ఊడదీసిన గాజు గొట్టాలు నాలుగు దొరికాయి. ఎంత చిత్రమో చూడండి, ఒక్కో గొట్టంలో పది తీగ అంకెలు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంటాయి. కరెంటు తాకిన అంకె నిప్పుకణికలా వెలుగుతుంది.

రోజూ మధ్యాహ్నం మూడింటికి పావుగంట సేపు అన్ని గొట్టాల్లోనూ అన్ని అంకెలూ వరసగా వెలిగేలా చెయ్యమన్నారు మాస్టారు.

"మొదటి గొట్టానికి సున్నా, ఒకటీ తప్ప పనేటుంది మాస్టారూ? పావుగంట పిచ్చి అంకెలు చూపిస్తే వచ్చినోళ్లు నవ్విపోరా?"

"కట్టేది నువ్వు కదమ్మా," అన్నారాయన.

ఆమె ఆ పావుగంటను నడిపే తీగ తీసేసింది. రెండేళ్లు గడియారం చక్కగా నడిచింది. ఒకనాడు ఇడ్లీ పాత్ర మూత జారి చివరి గొట్టం పగిలింది. అలాంటివి ఇప్పుడు దొరకవు. పైడితల్లి మొదటి గొట్టాన్ని చివరికి మార్చి, దాని చోట ఒకటి చూపించడానికి టెస్టరులో ఉండే చిన్న దీపాలు రెండు నిలువుగా అమర్చింది.

మర్నాడు అసిరమ్మ గడియారం ముందు నిలబడిపోయింది.

"ఏడు తరవాత మూడేటే?"

"అది ఎనిమిదేనమ్మా."

"ఎనిమిదా? మరి నాకు మూడులాగే ఆనుతోందే." దగ్గరికొచ్చి మళ్లీ చూసి, "ముసలి బుర్ర. నేర్చింది పోతున్నట్టుంది," అంది. ఆ సాయంత్రమే పలక తీసి అటక మీద పెట్టేసింది.

పైడితల్లి గడియారాన్నీ తల్లినీ వెంటబెట్టుకుని మాస్టారి దగ్గరకు వచ్చింది. రెండేళ్లు వెలగక ఎనిమిదికి ఎడమ పక్క మాసిపోయి ఉంది. ఆయన గడియారాన్ని బల్ల మీద పెట్టించారు. ఒక్కో అంకెనూ రెండేసి రోజులు ఆర్పకుండా వెలగనిమ్మన్నారు.

ఇడ్లీలు అయిపోగానే అసిరమ్మ రోజూ వచ్చి బల్ల పక్కన కూర్చునేది. "అంట్లు తోమినట్టు తోముతున్నారు గదా అంకెల్ని," అనేది. ఎనిమిది వంతు వచ్చింది. మొదటి రోజు మూడులాగే ఉంది. రెండో రోజు మధ్యాహ్నానికి ఎడమ పక్క సన్నగా ఎర్రబారింది. అలా చూస్తుండగానే వంపు వంపూ నిండింది.

అప్పటికి పైడితల్లి తలొంచుకుని, తీసేసిన మూడు గంటల తీగను మళ్లీ అతుకుతోంది.

"ఇది మొదటినుంచీ ఎనిమిదేనా మాస్టారూ?" అంది అసిరమ్మ.

"ఎనిమిదేనమ్మా," అన్నారాయన. "ఎవరూ పిలవలేదు, అంతే."