మూలన పెట్టిన బంతి

"ఏం బావా, పోస్టుల కింద నీకు ముళ్ళకంప పరిచారా? మూలకెళ్ళి పెట్టావేంటి బంతిని?"

ఈ కేక మా రేవు వీధి మలుపులో పుట్టి, మనుషులకంటే ముందే భద్రం మాస్టారి గుమ్మంలోకి వచ్చేసింది. నేనప్పటికే ఆయన అరుగు మీద చేరి ఉన్నాను. పక్కింటివాణ్ణి, పైగా మ్యాచి ఉన్న రోజున ఆ ఇంట్లో చేపల పులుసు ఉంటుందని తెలిసినవాణ్ణి. గెలిచినా ఓడినా ఆటగాళ్ళందరూ ఆ రాత్రి తన ఇంట్లోనే భోంచెయ్యాలని మాస్టారి నియమం. ఆయనకి ఇంకో అలవాటు కూడా ఉండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే వాదానికి దిగేవారు కాదు, లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టేవారు.

ఆట రగ్బీ లీగ్. ఓడలవాళ్ళు ఎప్పుడో మా రేవులో దించిపోయిన సరుకుల్లో ఇదొకటండి. జట్టుకి పదముగ్గురు. కోడిగుడ్డులాంటి బంతిని చంకన ఇరికించుకుని పరిగెత్తి, అవతలివాళ్ళ గీత దాటాక నేలకి ఆనించాలి. దాన్నే ట్రై అంటారు. ట్రై పడితే, ఆ గీత మీద పాతిన రెండు పోస్టుల నడుమ నుంచి, అడ్డకర్ర పైగా బంతిని తన్నే అవకాశం వస్తుంది, అది వెళ్తే ఇంకో రెండు పాయింట్లు. మెలికంతా ఇక్కడే ఉంది. బంతిని ఎక్కడ ఆనించారో, అక్కడికి తిన్నగా వెనక్కి వచ్చి తన్నాలి. పోస్టుల కింద ఆనిస్తే నాలాంటివాడు కూడా తన్నేస్తాడు. అదే మూలన ఆనిస్తే, మైదానం పక్క అంచు గీత దగ్గర నిలబడి చూడాలి మరి, ఆ రెండు పోస్టులూ ఒకదాని వెనక ఒకటి నక్కినట్టుంటాయి. ఆనించేది ఒకడు, తన్నేది ఇంకొకడు.

మాస్టారి కాలంలో ఆ తన్నేవాడు మాస్టారే. ఆయన హాఫ్‌బ్యాక్. అంటే పెనుగులాట మధ్యలోంచి బంతి అందుకుని, ఎవడి చేతిలో పెట్టాలో చిటికెలో తేల్చేవాడన్నమాట. పొట్టి మనిషి. మీసాలు రాకముందే రేవు జట్టులో చేరి, జుట్టు నెరిసేదాకా ఆడారు. ఆయన ఆట గురించి మొదలెడితే నాకు ఆకలి తెలీదు. ఇసక బకెట్టు పట్టుకుని ఆయన అంచు గీత వైపు నడుస్తుంటే మైదానం మైదానమంతా సద్దుమణిగిపోయేది. ఐసు ఫ్యాక్టరీ కూలీలు దిమ్మలు కిందపెట్టి గోడెక్కేవారు. గుప్పెడు ఇసక కుప్ప పోసి, దాని మీద బంతిని నిలబెట్టి, సముద్రం వైపు ముఖం తిప్పి గాలిని చెంపతో చూసుకుని, అప్పుడు తన్నేవారు. బంతి ముందు ఎటో పోయేది. అయిపోయింది, పోయిందనుకునేవాళ్ళం. పైకి వెళ్ళాక దానికేదో గుర్తొచ్చినట్టు ఒక్క వంపు తిరిగి, వచ్చి పోస్టుల మధ్యలోంచి దిగేది. సముద్రపు గాలి ఆయన జట్టులో ఆడేదని మా వాళ్ళు అనేవారు. నేను కళ్ళారా చూశానండి. అది మనిషి కాలితో అయ్యే పనిలా ఉండేది కాదు. మోకాలు దెబ్బతిన్నాక ఆట మానేసి, కుర్రాళ్ళని తయారుచెయ్యడం మొదలెట్టారు.

ఆ కుర్రాళ్ళలో మేటి దొరబాబు. ఇప్పటి హాఫ్‌బ్యాకూ అతనే, తన్నేదీ అతనే, ఇందాకటి కేకా అతనిదే. ఆ కేక తిన్నవాడు లోవరాజు. అంచు వెంబడి పరిగెత్తే వింగర్, దొరబాబుకి సొంత మేనత్త కొడుకు. ఆ సాయంత్రం ఆట ఆఖర్న లోవరాజు మూలన ట్రై పెడితే మావాళ్ళు ఒక్క పాయింటు తేడాకి వచ్చారు. ఆపైన దొరబాబు తన్నింది లోపలికి వెళ్తే గెలుపే. వెళ్ళలేదు.

"వెనకాల ముగ్గురున్నార్రా," అన్నాడు లోవరాజు, సైకిలు దిగకుండానే. "పోస్టుల వైపు తిరిగితే పట్టేద్దురు."

"దడుచుకున్నానని చెప్పు, సరిపోద్ది."

"సరే, దడుచుకున్నాను. ఇకనించి దడలేనోణ్ణి వెతుక్కో. నేను ఆట మానేస్తున్నాను. అమ్మగారితో ఓ మాట చెప్పి పోదామని వచ్చాను."

అది విసురుకి అన్న మాట కాదు. లోవరాజు నెమ్మదస్తుడు. అలాంటివాడు ఒక మాట అంటే దాన్ని వెనక్కి లాగడానికి ఎడ్లు చాలవు. అతను పోతే జట్టుకి కాళ్ళు పోయినట్టే, రెండు ఇళ్ళ మధ్యా రాకపోకలు కూడా ఉంటాయో లేదో.

దొరబాబు నేరుగా మాస్టారి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మీరే చెప్పండి మాస్టారూ. ఎవరో ఎక్కడో పెడతారు. తప్పితే మాత్రం దొరబాబు తప్పాడంటది ఊరంతా. ఇదేం న్యాయమండి? ఈ పూట మా బావ పక్కన విస్తరేస్తే నేను తినను."

మాస్టారు లేచి చెప్పులేసుకున్నారు. "కాంతం, పులుసు దించకు," అన్నారు లోపలున్న భార్యతో.

"ముక్క చెదిరిపోతే నా పూచీ లేదు," అన్నారు కాంతమ్మగారు లోపల్నించి.

మైదానం వీధి కొసనే. ఇంకా వెలుగుంది. ఆకలితో ఉన్న జట్టంతా, వెనకాల నేనూ. మాస్టారు బంతిని లోవరాజు చేతికిచ్చారు.

"ఇందాక ఎక్కణ్ణించి పరిగెత్తావో అక్కణ్ణించి పరిగెత్తు. మనవాళ్ళు ముగ్గురు తరుముతారు. ఈసారి దొరబాబు చెప్పినట్టే పోస్టుల కిందకి వెళ్ళు."

లోవరాజు పరిగెత్తాడు. గీత దగ్గర పడుతుండగా లోపలికి తిరిగాడు. ఆ తిరగడంలో పోయిన కాస్త వ్యవధీ చాలింది, ముగ్గురూ మీద పడ్డారు, బంతి జారి ఎటో దొర్లిపోయింది. మాస్టారు పోస్టుల ఎదురుగా బకెట్టులోంచి ఇసక కుప్ప పోసి దొరబాబుని పిలిచారు.

"రా. నీకిష్టమైన చోటే. తన్ను."

"ట్రై పడలేదు కదండీ. ఏం తన్నేది?"

"అవును కదా," అన్నారాయన. ఇసకని కాలితో చెరిపేశారు.

మళ్ళీ పరిగెత్తించారు. ఈసారి ఎటు వెళ్ళమనీ చెప్పలేదు. తరిమేవాళ్ళ చేతులు చొక్కాకి తగులుతుండగా లోవరాజు మూలన బోర్లా దూకి బంతిని ఆనించాడు. అప్పుడు మాస్టారు బకెట్టు తనే పట్టుకున్నారు. దొరబాబు చెయ్యి చాచినా ఇవ్వలేదు. కుంటుకుంటూ అంచు గీత దాకా వెనక్కి నడిచారు. చెప్పులు విడిచారు. పంచె ఎగ్గట్టారు. గాలిని చెంపతో చూసుకున్నారు.

అరవై దాటిన మనిషి, ఆ మోకాలు, ఆ దూరం. తన్నిన చప్పుడు మాత్రం పాతదే. బంతి సముద్రం మీదికి పోతున్నట్టు లేచింది. పైకెళ్ళాక, ఎన్నేళ్ళకో, అదే వంపు తిరిగింది. అది దిగివచ్చి, ఠంగుమని పోస్టుకి కొట్టుకుని, బయటి వైపు పడిపోయింది.

మాస్టారు ముందు బంతి దగ్గరికి వెళ్ళలేదు. మూలన ఇంకా నేల మీదే ఉన్న లోవరాజు దగ్గరికి వెళ్ళి, చెయ్యిచ్చి లేపి, చొక్కా మీది మట్టి దులిపారు.

"మంచి చోట పెట్టావు నాయనా."

దొరబాబు దగ్గరికొచ్చాడు. "తప్పిందండి మాస్టారూ."

"తప్పింది. తన్నింది నేను."

అంతే. చెప్పులు వేసుకుని ఇంటిదారి పట్టారు. ఆయన తన్ను లోపలికెళ్తే చప్పట్లు కొట్టడం నాకు కొత్తకాదు. తప్పిన తన్నుకి చేతులు వాటంతటవే దణ్ణానికి లేవడం మాత్రం అదే మొదలు.

పెరట్లో కాళ్ళు కడుక్కునేచోట లోవరాజు ఒక్కడే నిలబడి ఉంటే, దొరబాబు చెంబుతో నీళ్ళు తీసుకెళ్ళి అతని పాదాల మీద పోశాడు.

"రా బావా. చల్లారిపోద్ది."

"నా పక్కన తిననన్నావు."

"పక్కనెవరు తింటారు? ఎదురుగా కూర్చుంటాను." మరి కాసిన్ని నీళ్ళు పోశాడు. "ఆదివారం వస్తావా?"

లోవరాజు చాలాసేపు కాళ్ళు రుద్దుకున్నాడు. "వస్తే మూలకే పెడతాను."

"పెట్టు."

విస్తర్లు వేశారు. అందరూ కూర్చున్నారు, చివరికి వడ్డన పూర్తిచేసి కాంతమ్మగారు కూడా. ముక్క చెదరలేదు. సగం భోజనం అయ్యాక దొరబాబు తలెత్తి, కొంచెం మొహమాటంగా అడిగాడు:

"మాస్టారూ, పోస్టుల ఎదురుగా నుంచి కూడా చాలా తన్నుంటారు కదండీ మీరు?"

మాస్టారు ముద్ద కలుపుతూ ఆలోచించారు.

"తన్నే ఉంటాను. ఒక్కటీ గుర్తులేదు."