తుల్జకు ఏ వరుస?

పిల్లలూ, ఈ కథ మీకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. దుప్పటి కప్పుకుని ఊఁ కొట్టండి.

అనగనగా ఒక ఊళ్ళో తుల్జ అనే పిల్ల ఉండేది. వాళ్ళ నాన్నది మరాఠీ, అమ్మది కన్నడం, పక్కింటివాళ్ళది తెలుగు. ఆ మాటలన్నీ తుల్జ నోట్లో కలగలిసిపోయేవి.

జాతర నాడు ఊరంతా ఒకేచోట బువ్వ తినేవారు. ఆ బువ్వ తిన్నవాళ్ళే ఊరివాళ్ళని లెక్క. వడ్డనకు ముందు ఊరిపెద్ద సంగప్ప తాత సున్నంతో గీతలు గీసేవాడు. తెలుగువాళ్ళదొక వరుస, కన్నడంవాళ్ళదొక వరుస, మరాఠీవాళ్ళదొక వరుస.

అప్పటిదాకా తుల్జ అమ్మ ఒళ్ళో కూర్చుని తినేది. ఆ ఏడు పెద్దదైంది కదా, తన విస్తరి తనే పట్టుకుని వచ్చింది.

అప్పుడు సంగప్ప తాత అడ్డుపడ్డాడు. "ఏ వరుస పిల్లవే నువ్వు?"

"తెల్వదు తాతా."

"ఇంట్ల ఏం తింటవు?"

"మా అమ్మ ఏది పెడితే అది."

"మరి కలల ఏ భాష మాట్లాడుతవు?"

"కలల నేను మాట్లాడ తాతా. మా మేక మాట్లాడుతది!"

వరుసల్లో కిసుక్కున నవ్వారు. తాతకు కోపమొచ్చింది. "దెబ్బ తాకితే ఏ భాషల ఏడుస్తవే?"

తుల్జకు కళ్ళు నిండాయి. విస్తరిని గుండెకు హత్తుకుంది. అవతల వడ్డన మొదలైపోయింది. బువ్వ దొరక్కపోతే తనది ఏ ఊరు?

ఆ తర్వాత ఏమైందో తెలుసా? వడ్డించేవాడి గరిటె జారి, వేడి పప్పు తాత పాదం మీద పడింది. తాత ఒంటికాలి మీద గెంతుతూ "ఓయ్ ఓయ్ ఓయ్!" అని అరిచాడు.

తుల్జ తన ఏడుపు మర్చిపోయి, చెంబెడు నీళ్ళు తెచ్చి ఆ పాదం మీద పోసింది. పోస్తూ పోస్తూ అడిగింది. "తాతా, ఇది ఏ భాషల ఏడ్సుడు?"

జనమంతా గొల్లున నవ్వారు. తాత కాసేపు మూతి ముడుచుకున్నాడు. ఆ తర్వాత ఆయనకూ నవ్వాగలేదు. తడికాలితో సున్నం గీత తొక్కేసి, "ఇట్ల కూసో బిడ్డా" అని అక్కడే విస్తరి పరిచాడు.

అప్పుడు ఒక వరుసలోంచి అమ్మ, ఇంకో వరుసలోంచి నాన్న లేచి వచ్చి, తుల్జకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు.

మరుసటేడు తాత మళ్ళీ గీతలు గీశాడు. అలవాటు మరి! కానీ తుల్జ కూర్చున్న చోటికి వచ్చేసరికి చెయ్యాపి, కాస్త ఖాళీ వదిలాడు. ఆ ఖాళీలో ఎంతమంది వచ్చి కూర్చున్నారంటే, వడ్డించేవాళ్ళకు కాలు పెట్టే సందు లేకపోయింది.

కథేమో కంచికి, మనమేమో మంచానికి,
రేపు మీ నోటితో ఇంకో పాప చెంతకి.


మర్చిపోకుండా చెప్తారు కదూ?